నాంచారమ్మ ఏడవని మధ్యాహ్నం

నోరు తెరవడం కూడా ఒక పనేనని నలభై మూడేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు. ఇప్పుడు పొద్దున్నే పళ్ళు తోముకునేటప్పుడు అద్దం ముందు ఒక్క క్షణం ఆగుతాను. దవడ కిందికి దించి, మళ్ళీ పైకి తెచ్చి చూసుకుంటాను. మా ఆవిడ సుగుణ వెనకనుంచి చూస్తుంది. ఆ రోజుల గురించి మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకోం. అయినా రాయాలనిపించింది. రాస్తే నా లోపలి వణుకు కాస్త సద్దుమణుగుతుందేమోనని ఆశ. ఇది చదివినవాళ్ళలో ఒక్కరైనా, కాలికి మేకు దిగిన రోజునే వెళ్ళి ఇంజెక్షన్ చేయించుకుంటే ఈ రాత దండగ కాదు.

నా పేరు రత్నరాజు. మాది నాగాయలంక. మా నాన్న బతికినన్నాళ్ళూ వేరేవాళ్ళ పొలాల్లో పాలేరుగా పనిచేశాడు. తొంభైల్లో మా వైపు రొయ్యల చెరువులు ఊపందుకున్నప్పుడు నేను మేత ఏజెన్సీ పెట్టాను. కలిసొచ్చింది. ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది, కూలర్ వచ్చింది, వాకిట్లోకి కారు వచ్చింది. వచ్చిన ప్రతి వస్తువుకీ దేవుడికి స్తోత్రం చెప్పేవాణ్ణి. దాంతో భోజనం ముందు నేను చేసే ప్రార్థన ఏటికేడాది పొడుగైపోయింది. "కొత్త ఫ్రిజ్ కొరకు స్తోత్రం, పై అంతస్తు కొరకు స్తోత్రం" అంటూ వెళ్తుంటే ఒకసారి సుగుణ కళ్ళు మూసుకునే, "పులుసు చల్లారిపోతోందండీ, మిగతా సామాను రేపు చెబుదురుగాని" అంది. నాకు ఒళ్ళు మండింది. దేవుడిచ్చినవాటిని పేరుపేరునా చెప్పుకోవడం తప్పెలా అవుతుంది అనుకున్నాను.

ఆగస్టు చివర

పై అంతస్తు పని నడుస్తోంది. అది మిగిలున్నా గృహ ప్రతిష్ఠ తేదీ పెట్టేశాం, దానికి వారం పైన ఉంది. మెట్ల మీద సెంట్రింగ్ చెక్కలు ఊడదీసి పడేసి ఉన్నాయి. నేను పైనున్న కూలీల మీద కేకలేస్తూ, కాళ్ళ కింద చూసుకోకుండా దిగుతున్నాను. చెప్పును చీల్చుకుని మేకు పాదంలోకి దిగింది. కాలెత్తితే చెక్క కాలితోపాటే లేచింది.

సెంట్రింగ్ మేస్త్రి సాంబయ్య పరుగెత్తుకొచ్చాడు. నా మడమ ఒక చేత్తో బిగించి పట్టుకుని, ఇంకో చేత్తో చెక్కను ఒక్క గుంజు గుంజాడు. రక్తం అతని ముంజేతి మీదికి చిమ్మింది. మేకు బయటికొచ్చిన మరుక్షణం నేను అతన్ని చెంప మీద కొట్టాను. అందరు పనివాళ్ళ ముందూ కొట్టాను. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు ఊడి ఇసకలో పడింది.

"మేకులు వంచకుండా పడేస్తారా? మనుషులు తిరిగే చోటని బుద్ధి లేదా?"

"తప్పయిందండీ," అన్నాడు చెంప పట్టుకోకుండానే. "ముందు వెళ్ళి సూది మందు ఏయించుకోండి బాబూ. తుప్పు మేకది."

సుగుణ కూడా అదే పోరు పెట్టింది. వాకిట్లో కారుంది. డాక్టరు ఉండేది రెండు వీధుల అవతల. కాని ఆ పూట షామియానావాళ్ళు, మర్నాడు వంటవాళ్ళు బేరం మాట్లాడుకోవడానికి వస్తున్నారు. గాయం మీద కిరసనాయిలు పోసి, పసుపు అద్ది, గుడ్డ కట్టేశాను. మూడు రోజులకి పైన చర్మం మూసుకుంది. నాకు అంతే చాలనిపించింది.

ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. పాస్టరు గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, పాలేరు కొడుకునైన నాకు దేవుడు ఏ లోటూ చెయ్యలేదని, ఈ ఇంట్లో దేనికీ కొదవ లేదని చెప్పాను. చెబుతుంటే చెవి కింద ఏదో పట్టేసినట్టయింది. తరవాత భోజనాల దగ్గర మాంసం ముక్క నమల్లేక పక్కన పెట్టేశాను.

సెప్టెంబరు మొదటి వారం

మర్నాడు పొద్దున ఇడ్లీ ముక్క నోట్లోకి పోలేదు. దవడ వేలు మందం కంటే తెరుచుకోవడం లేదు. పంటి పోటు అనుకుని బిళ్ళ వేసుకున్నాను. మధ్యాహ్నానికి మెడ కొయ్యబారింది. సుగుణ వంటింట్లోంచి వస్తూ నన్ను చూసి, "ఎందుకు నవ్వుతున్నారు?" అంది.

నేను నవ్వడం లేదు. పెదాలు వాటంతటవే రెండు వైపులకీ లాక్కుపోయి పళ్ళు బయటపడ్డాయి. ఆ మాట ఆమెకు చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే లోపల కుక్కర్ ఈల వేసింది.

ఆ ఈల నా వెన్నులోకి గునపంలా దిగింది. నడుము వెనక్కి విల్లులా వంగిపోయింది. కూర్చున్న కుర్చీలోంచి ఒళ్ళంతా పైకి లేచింది. కుర్చీతో సహా పడ్డాను. పడుతూ నా చెయ్యి తగిలి డైనింగ్ టేబుల్ మీది అద్దం పగిలి నా మీదే కూలింది. పిడికిళ్ళు బిగుసుకుపోయాయి, ఊపిరి ఆగిపోయింది. ఇంతా జరుగుతుంటే స్పృహ మాత్రం పోలేదు. ఈ జబ్బులో ఉన్న క్రూరత్వమంతా అదే. ఒళ్ళు ముక్కలవుతుంటే లోపల కూర్చున్న మనిషి అంతా స్పష్టంగా చూస్తూనే ఉంటాడు.

కారులో బందరు తీసుకెళ్ళారు. దారిలో హారన్ వినబడిన ప్రతిసారీ నా తల సీటు వెనక్కి కొట్టుకుంది. పెద్దాసుపత్రి వరండాలో బెంచీ మీద పడుకోబెట్టారు. జనం నా మొహం చూసి పిల్లల కళ్ళు మూశారు. ఒక ముసలాయన మాత్రం తన పైపంచె తీసి నా కళ్ళ మీద కప్పాడు, వెలుగు పడకుండా. ఆయనెవరో నేను చూడనేలేదు.

డాక్టరమ్మ వచ్చి పంచె ఎత్తి ఒక్క చూపు చూసింది. "కాలికి ఏమైనా గుచ్చుకుందా?" అని అడిగింది. సుగుణ చెప్పింది.

"ధనుర్వాతం," అందావిడ.

"బెజవాడ తీసుకుపోతామండీ. మంచి గది, ఏసీ, ఎంతైనా పర్వాలేదు," అంది సుగుణ.

"కదిలిస్తే దారిలోనే పోతారమ్మా. రోడ్డు మీద ఒక్క గుంత చాలు. మందు ఇక్కడా ఉంది. మందుతోపాటు ఈయనకి కావాల్సింది చీకటి, చప్పుడు లేకుండా ఉండటం. ఆ రెండూ ఎక్కడా అమ్మరు."

వరండా చివర గది. కిటికీలకు నల్ల గుడ్డలు కట్టారు. రెండు మంచాలు. ఒకదాని మీద నన్ను వేశారు. రెండోదాని మీద అప్పటికే ఒక మనిషి ఉన్నాడు. పేరు ఏడుకొండలు. హంసలదీవి దగ్గర పల్లెపాలెంలో సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. పడవ చెక్క మేకు మడమలో దిగింది. అతని భార్య నాంచారమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముతుంది. గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని, వచ్చే పోయేవాళ్ళని చేతి సైగతో ఆపుతూ ఉండేది. చెప్పులు బయటే విడిపించేది. మందుల బండి చక్రాలు కీచుమంటున్నాయని కొబ్బరినూనె రాసింది.

సెప్టెంబరు, ఆ తరవాతి రోజులు

మత్తు మందు ఎంత ఇచ్చినా, తెలివి ఉండగానే ఒళ్ళు బిగుసుకుపోయే ఆ మూర్ఛలు వస్తూనే ఉన్నాయి. గ్లాసు చప్పుడైతే వచ్చేది. దోమ వాలితే వచ్చేది. పక్క మంచం మీద ఏడుకొండలు పళ్ళు పటపట కొరికితే, ఆ చప్పుడుకి నాకు వచ్చేది. నా మంచం ఇనప కోళ్ళు నేలకు కొట్టుకుంటే అతనికి వచ్చేది. మొహమైనా సరిగా చూసుకోని ఇద్దరం, ఒకరినొకరు అలా హింసించుకున్నాం. పడిపోకుండా గుడ్డలతో మంచానికి కట్టారు. గుడ్డలు ఒరుసుకుని మణికట్ల దగ్గర చర్మం ఊడింది.

రెండో వారంలో మా సంఘంవాళ్ళు చూడటానికి వచ్చారు. సుగుణ గంజి కాచి తేవడానికి వెళ్ళింది. గుమ్మంలో నాంచారమ్మ అడ్డం నిలబడింది.

"అయ్యా, గోల సెయ్యమాకండి. సప్పుడు తగిలితే పేనం పోద్ది," అంది గుసగుసగా.

"ప్రార్థన చేసి వెళ్ళిపోతామమ్మా, తప్పుకో," అన్నారు పాస్టరు గారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు తెలియదు, అంతే. లోపలికొచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. ఎవరో కంజీర మీద దరువేశారు. పదిమంది ఒక్కసారి గొంతెత్తి స్తుతి పాట అందుకున్నారు.

నా నడుము మంచం మీంచి ఎగిరిపడింది. పళ్ళ మధ్య నాలుక చిక్కి తెగింది. రక్తం గొంతులోకి జారి ఉక్కిరిబిక్కిరి అవుతున్నాను. అవతల మంచం ధడధడలాడుతోంది. పాట ఆగలేదు. నా మీద దయ్యమేదో పనిచేస్తోందనుకుని ఇంకా గట్టిగా పాడారట.

సుగుణ వచ్చింది. గంజి గిన్నె గుమ్మంలో వదిలేసి, ఆ మనిషి చేతిలోంచి కంజీర లాక్కుని వరండా అవతలికి విసిరేసింది. పాస్టరు గారి గుండెల మీద రెండు చేతులూ వేసి బయటికి నెట్టింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆమె పాస్టరు గారి ముందు తల మీది కొంగు జారనివ్వలేదు.

"బయటికి నడవండి," అంది పళ్ళ బిగువున. "ఇంకొక్క మాట పలికితే మిమ్మల్ని చంపేస్తాను. నిజంగా చంపేస్తాను."

వాళ్ళు వెళ్ళిపోయారు. మర్నాటినుంచి పాస్టరు గారు ఆసుపత్రి గేటు బయట రోడ్డు మీద నిలబడి, వచ్చే ప్రతి ఆటోకీ రిక్షాకీ దణ్ణం పెట్టి, హారన్ కొట్టొద్దని బతిమాలుకున్నారు. ఎండలో, వానలో, నన్ను ఇంటికి పంపేదాకా. లోపలికి మాత్రం మళ్ళీ అడుగుపెట్టలేదు.

ఆ రోజుల్లో నేను దేవుడితో మాట్లాడలేదు అంటే అబద్ధం. మాట్లాడాను. పైకి ఒక్క అక్షరం పలకలేని నోటితో, లోపల ఆయన్ని పచ్చి బూతులు తిట్టాను. ఎదురుగా ఉండి, నా చేతులు నా స్వాధీనంలో ఉండి ఉంటే, సాంబయ్యను కొట్టినట్టే ఆయన్నీ కొట్టేవాణ్ణి. ఇదంతా రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా ఆయన అన్నీ విన్నవాడే, కొత్తగా దాచేదేముంది?

నా ముక్కులోంచి గొట్టం వేసి గంజి, మజ్జిగ పోసేవారు. ఒకరోజు సుగుణకు జ్వరం ముంచుకొచ్చి వరండాలో స్పృహ తప్పింది. ఆ పూట నాంచారమ్మే తన మొగుడికీ నాకూ పోసింది. చీకట్లో చేపల వాసన వేసే చెయ్యి నా నుదుటి మీద ఆనింది.

"అన్నా, గంజి పోత్తన్నా. బెదరమాక," అంది. ఆ గొంతు ఎంత తగ్గించిందంటే, చెవిలో ఊదినట్టుంది. గోరువెచ్చగా గంజి కడుపులోకి దిగుతుంటే తెలిసింది. ఇంకాస్త ఇమ్మని అడిగే శక్తి లేదు. రేపు ఎవరు పోస్తారో ఆలోచించే శక్తీ లేదు. ఈ గ్లాసు వచ్చింది, వచ్చే గ్లాసుదాకా ఇది చాలు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఏనాటి తిండి ఆనాటికే అడగమన్నది దీన్నేనా అనుకున్నాను. రెండు పూటలా వల్లించినా, ఫ్రిజ్ నిండుగా ఉన్న ఇంట్లో నాకు దాని అర్థం తెలిసే అవసరం రాలేదు.

అక్టోబరు మొదట్లో

ఏడుకొండలు కాస్త తేరుకున్నాడు. మూర్ఛలు తగ్గాయి. ఇంకో వారం గడిస్తే గండం గట్టెక్కినట్టేనని డాక్టరమ్మ చెప్పింది. ఆ పొద్దున నాంచారమ్మ మొదటిసారి తల దువ్వుకుందని సుగుణ తరవాత చెప్పింది.

మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. ఉక్కపోత. చాలా దూరంలో, సముద్రం వైపు, ఏదో పెద్ద బండి దొర్లినట్టు వినబడింది. గదిలో ఆడవాళ్ళిద్దరూ ఒక్కసారే లేచారు. ఉరుము. ఇన్నాళ్ళూ ఆటోలని ఆపారు, నర్సుల చెప్పులు విప్పించారు, బండి చక్రాలకు నూనె రాశారు. మబ్బుని ఆపేవాళ్ళు ఎవరు?

నాంచారమ్మ మొగుడి మంచమెక్కి అతని చెవుల మీద అరచేతులు వేసి అదిమి పట్టుకుంది. సుగుణ నా చెవులు మూసి, నా మొహాన్ని తన కడుపులో దాచుకుంది. రెండో ఉరుము దగ్గరగా వచ్చింది. మూడోది ఆసుపత్రి మీదే పడినట్టు పడింది. కిటికీ తలుపులు బద్దలైనట్టు కొట్టుకున్నాయి. నల్ల గుడ్డ ఊడిపోయి గదంతా మెరుపు వెలుగు నిండింది.

నన్ను ఎవరో నడుం దగ్గర రెండుగా విరిచినట్టయింది. పక్కటెముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. ఊపిరి లేదు. సుగుణ మొహం నా మీదికి వంగడం కనబడుతోంది గాని, ఊపిరి లేదు. ఇక చాలు, తీసుకుపో అనుకున్నాను. అప్పుడు డాక్టరమ్మ పరుగున వచ్చి నా చేతిలో సూది గుచ్చింది. ఎంతసేపటికో ఛాతీ వదులైంది. గాలి లోపలికొచ్చింది.

అవతల మంచం చప్పుడు ఆగిపోయి ఉంది.

డాక్టరమ్మ అటు వెళ్ళింది. చాలాసేపు వంగి చూసింది. తరవాత నిటారుగా నిలబడి నాంచారమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

నేను కళ్ళు మూసుకున్నాను. ఏం జరగబోతోందో నాకు తెలుసు. మా వైపు మొగుడు పోయిన ఆడదాని ఏడుపు వీధి చివరిదాకా వినబడుతుంది. ఆ ఏడుపు ఈ గదిలో లేచిందంటే, విరిగిన ఎముకతో, ఇప్పుడే వచ్చిన ఊపిరితో, నేను ఆ మూర్ఛ తట్టుకోలేను. నాకు తెలుసు, సుగుణకు తెలుసు, డాక్టరమ్మకు తెలుసు. ఏడవొద్దని ఆమెకు చెప్పే నోరు మాలో ఎవరికుంది? నా కండరాలన్నీ ఆ కేక కోసం బిగిసి కూర్చున్నాయి.

కేక రాలేదు.

సుగుణ చూసింది, నాకు తరవాత చెప్పింది. నాంచారమ్మ కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. మొగుడి కళ్ళు మూసింది. మంచం దిగి, ఉత్తి పాదాలతో, చప్పుడు కాకుండా గుమ్మం దాటింది. వరండా అంతా నడిచింది. మెట్లు దిగింది. కుండపోత వానలో ఆవరణ దాటి, గేటు దాటి, పాస్టరు గారి ముందునుంచే రోడ్డు మీదికి పోయింది. ఇంకా నడిచింది. కాలవ వంతెన దాటాక, అక్కణ్ణుంచి గదిలోకి ఏమీ వినబడదని తెలుసుకున్నాక, రోడ్డు మధ్యలో కూలబడి, నోట్లోంచి కొంగు పీకేసి అరిచిందట. పాస్టరు గారు వెనకే పరుగెత్తారు. ఏ వాక్యమూ చెప్పలేదు. బళ్ళు తగలకుండా ఆమె పక్కన నిలబడ్డారు.

గదిలో నాకు వాన చప్పుడు మాత్రమే వినిపించింది.

నవంబరు

ఎనిమిది కిలోలో పదో తగ్గి, కర్ర ఊతంతో ఇంటికొచ్చాను. పై అంతస్తు పని ఆగిపోయి ఉంది. నాకు చప్పుడు పడదని ఎవరో చెబితే, సాంబయ్య తనే పని నిలిపేసి మనుషుల్ని వేరే చోటికి పంపించాడట. కబురంపితే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కాళ్ళు పట్టుకోబోయాను, వంగలేక పడబోయాను. అతనే పట్టుకున్నాడు.

"ఊరుకోండి బాబూ. మేకులు వంచకపోవడం నా తప్పే," అన్నాడు.

"కొట్టడం నా తప్పు. మందు వెయ్యించుకోమన్నావు, అదీ వినలేదు."

"అదైతే మాత్రం వినాల్సిందండీ," అన్నాడు, నవ్వకుండా.

ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పమన్నారు. నా మేలు కోసం దేవుడు ఆసుపత్రిని, మందుని, సుగుణను సిద్ధం చేశాడని చెప్పగలిగాను. నాంచారమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆమె నాకోసం పంపిన మనిషి అంటే, ఆమె మొగుడు ఎవరి కోసం పోయినట్టు? నేను బతికినందుకు చేసే స్తోత్రంలో అతని చావుని ఎక్కడ పెట్టాలి? జరిగింది జరిగినట్టు చెప్పి కూర్చున్నాను. పాస్టరు గారు దాని మీద ఏమీ కలపలేదు.

డిసెంబరు

నేనూ సుగుణా పల్లెపాలెం వెళ్ళాం. నాంచారమ్మ ఇంటి ముందు గంప కడుగుతోంది. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని చాప వేసింది. సుగుణ ఆమెను పట్టుకుని ఏడ్చింది. ఆమే సుగుణను ఓదార్చింది. చేతనైనది చేస్తామని, ఏం కావాలో చెప్పమని అడిగాను.

"మా తమ్ముడున్నాడండీ. యాపారం ఉంది. అవసరమైతే అడుగుతా, మొగమాటం లేదు," అంది.

"ఆ రోజు అంత దుఃఖం ఎలా ఆపుకున్నావమ్మా?"

"ఆపుకోటవేముందండీ. ఆయన ఎటూ పోయాడు. లోపల ఇంకో మడిసున్నాడు కదా." కాసేపు నేల మీద పుల్లతో గీసి, తలెత్తింది. "ఒకటడుగుతా, ఏవనుకోకండి. మీరు పేర్దన సేసుకునే దేవుడే కదా మబ్బులూ ఉరుములూ పంపేది? మరి ఒకే గదిలో మిమ్మల్ని సూసినోడు, మా ఆయన్నెందుకు సూళ్ళేదు?"

సుగుణ నా వైపు చూసింది. సంఘంలో ఇలాంటివాటికి చెప్పే జవాబులు నాకు నాలుగైదు వచ్చు.

"తెలియదమ్మా," అన్నాను. "రోజూ అడుగుతున్నాను. నాకూ చెప్పలేదు."

ఆమె తల ఊపింది. "అందరూ ఏదోటి సెప్పి పోతన్నారు. తెలవదన్నది మీరొక్కరే," అంది. ఆ మాట అన్నాక ఆమె మొహంలో ఏదో బిగువు సడలింది. లోపలికి వెళ్ళి మాకు మజ్జిగ తెచ్చిచ్చింది. తాగేదాకా ఎదురుగా కూర్చుంది.

తరవాత, ఆలస్యమైతే చేపలు చెడిపోతాయని గంప నెత్తికెత్తుకుంది. మేం కారు దగ్గరికి వచ్చాం. ఆమె సందు మలుపు తిరిగి, మాకు కనబడకుండా పోయింది. ఒక్క క్షణం తరవాత గొంతెత్తింది.

"సేపలమ్మా... సేపలోయ్..."

దాదాపు నెలరోజులు ఒకే గదిలో ఉన్నాం, ఆమె అసలు గొంతు నేను ఎన్నడూ వినలేదు. పెద్ద గొంతు. సముద్రం హోరు మీద పడవలకు వినబడేంత గొంతు. కత్తిలా వచ్చి నాకు తగిలింది. అలవాటుకొద్దీ నా పిడికిళ్ళు బిగుసుకున్నాయి, సుగుణ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. ఏమీ కాలేదు. వెన్ను నిటారుగానే ఉంది. వేళ్ళు నెమ్మదిగా విచ్చుకున్నాయి.

"వెళ్దామా?" అంది సుగుణ, కారు తలుపు తీస్తూ.

"ఆగు," అన్నాను. "ఇంకా వినబడుతోంది."